మానసిక జబ్బుతో ఆర్మీ నుంచి బోర్డు అవుట్ అయితే డిజెబిలిటీ పెన్షన్: అప్పీల్లో ఏ వాదన నిలబడుతుంది?

అమ్మా, మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను. మీ తమ్ముడు శ్రీకాకుళం జిల్లా నుంచి 2010లో సిపాయిగా చేరాడు. 2013 నుంచి 2015 ఆఖరి దాకా రాష్ట్రీయ రైఫిల్స్‌తో (ఆర్‌ఆర్, ఉగ్రవాదుల్ని ఎదుర్కొనే ఆర్మీ దళం) కాశ్మీర్లో ఉన్నాడు. అక్కణ్ణుంచి పీస్ స్టేషన్‌కి (ఆపరేషన్లు లేని మామూలు చోటికి) వచ్చాక, 2016 మధ్యలో, అన్నంలో ఏదో కలుపుతున్నారని, తన గురించే అందరూ మాట్లాడుకుంటున్నారని అనడం మొదలైతే మిలిటరీ హాస్పిటల్లో చేర్చారు. మందులతో కుదుటపడ్డాడు, మెడికల్ కేటగిరీ (ఏ డ్యూటీకి ఎంత ఫిట్ అని చెప్పే గ్రేడు) తగ్గించారు. 2017లో యూనిట్ సిక్కిం కొండల్లోకి వెళ్తే ఇతన్నీ పంపారు. అక్కడ మళ్ళీ తిరగబెట్టింది. 2018 నవంబర్లో బోర్డు అవుట్ చేశారు, అంటే సర్వీసుకి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చి ఇంటికి పంపేశారు. జబ్బు స్కిజోఫ్రీనియా, 40 శాతం, జీవితాంతం ఉంటుంది, కానీ సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అని రాశారు. పెన్షన్ ఇవ్వలేదు. మొదటి అప్పీలు 2020లో కొట్టేశారు, 2021లో పంపిన రెండో అప్పీలుకి జవాబే లేదు. ఇప్పుడు మీ ప్రశ్నలు రెండు. చేరినప్పుడు శుభ్రంగా ఉన్నాడు, ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, కాబట్టి గెలుస్తామా? ఇంత ఆలస్యమయ్యాక అసలు వింటారా?

వింటారు. కేసులో బలం కూడా ఉంది. అయితే ఆ బలం మీరు అనుకుంటున్న చోట లేదు. 'చేరినప్పుడు బాగున్నాడు' అన్న ఒక్క మాట పట్టుకుని వెళ్తే ఓడిపోయే అవకాశం బాగా ఉంది. మీ తమ్ముడి కేసు పోస్టింగ్ తేదీల మీద, బోర్డు రాయకుండా వదిలేసిన కారణాల మీద నిలబడుతుంది. నేను లాయర్ని కాను. ఒక రికార్డ్ ఆఫీసులో చాలా ఏళ్ళు ఈ కాగితాలతోనే గడిపి రిటైరయ్యాను, ఇప్పుడు మా చుట్టుపక్కల మాజీ సైనికులకి అప్పీళ్ళు రాసిపెడుతుంటాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

డిజెబిలిటీ పెన్షన్‌కి రెండు షరతులు. వైకల్యం 20 శాతమో అంతకన్నా ఎక్కువో ఉండాలి. అది 'అట్రిబ్యూటబుల్' అయినా కావాలి, 'అగ్రవేటెడ్' అయినా కావాలి. మొదటిదంటే సర్వీసు వల్లే వచ్చిందని. రెండోదంటే ఎందువల్ల వచ్చినా సర్వీసు పరిస్థితుల వల్ల ముదిరిందని. రెండూ అక్కర్లేదు, ఒకటి చాలు. శాతం గురించి మీకు పేచీ లేదు, బోర్డే 40 ఇచ్చింది. (శాతం 20 కన్నా తక్కువ వేసి ఇంటికి పంపేసినవాళ్ళకి 2014లో సుఖ్విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఉంది: సర్వీసుకి పనికిరాడని పంపేశారంటేనే వైకల్యం 20 శాతం పైన ఉన్నట్టు లెక్క.) మీ గొడవంతా రెండో షరతు మీదే. మీ అప్పీళ్ళ కాపీలు చూస్తే రెండిట్లోనూ 'సర్వీసు వల్లే వచ్చింది' అని మాత్రమే వాదించారు. 'ముదిరింది' అన్న సంగతి ఒక్క లైను కూడా లేదు. సిక్కిం పేరే లేదు. నా లెక్కలో మీ దగ్గరున్న అన్నిటికన్నా పదునైన వాదన అదే.

ధరమ్‌వీర్ తీర్పు సంగతి చూద్దాం. అది 2013 జూలైలో వచ్చింది. ఆ జవానుది మూర్ఛ జబ్బు, మానసిక జబ్బు కాదు. ఆ కేసుకి వర్తించినవి 1982 ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ (ఈ పెన్షన్ ఎవరికి వస్తుందో చెప్పే నియమాలు). వాటిలో మూడు ముక్కలు కలిపి కోర్టు చదివింది. 5వ రూలు ప్రకారం చేరేటప్పుడు కాగితాల్లో ఏ జబ్బూ రాయకపోతే ఆరోగ్యంగా ఉన్నట్టే అనుకోవాలి, తర్వాత ఆరోగ్యం చెడి బయటికి పంపితే అది సర్వీసు వల్లే అనుకోవాలి. 9వ రూలు ప్రకారం రుజువు చేసే భారం జవాను మీద లేదు, అనుమానం ఉంటే దాని లాభం అతనికే. 14(బి) ప్రకారం ఈ జబ్బు చేరేటప్పటి పరీక్షలో తెలిసే అవకాశం లేదని డాక్టర్లు అంటే, ఎందుకలా అంటున్నారో కారణం రాయాలి. ఆ కారణం లేదు కాబట్టి పెన్షన్ ఇమ్మన్నారు. 2015లో రాజ్‌బీర్ సింగ్ కేసులో ఇదే మళ్ళీ చెప్పారు.

మీ తమ్ముడు బయటికి వచ్చింది 2018లో. అతనికి వర్తించేవి 2008 రూల్స్, అవి 2008 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వీటిలో 5వ రూలు పూర్తిగా మారిపోయింది. చేరేటప్పటి పరీక్ష పైపై పరీక్షే, లోపల దాగి ఉన్న జబ్బులు అందులో బయటపడకపోవచ్చు, సర్వీసులో ఉండగా జబ్బు కనిపించినంత మాత్రాన అది సర్వీసు వల్ల వచ్చినట్టు కాదు అని రాసిపెట్టారు. ధరమ్‌వీర్ తీర్పు చూపించగానే ప్రభుత్వం తరఫు లాయర్ మీ మీదికి తీసేది ఈ రూలే. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే అప్పీలు నమూనాలు చాలావరకు పాత రూల్స్ మీద తయారైనవి, ఈ తేడా పట్టించుకోవు.

అయినా 2008 రూల్స్‌లోనూ మీకు పనికొచ్చేవి మిగిలాయి. 6వ రూలు ప్రకారం జబ్బుకీ సర్వీసుకీ సంబంధం ఉందో లేదో తేల్చాల్సింది అధికారులు. 7వ రూలు ప్రకారం మామూలుగా జవానుని రుజువు చేయమని అడగకూడదు. దీనికి ఒక మినహాయింపు ఉంది, జాగ్రత్తగా చదవండి. బయటికి వచ్చిన 15 ఏళ్ళ తర్వాత, సర్వీసు కాగితాలు గడువు తీరి నాశనమయ్యాక క్లెయిమ్ వేస్తే, అప్పుడు రుజువు భారం జవాను మీద పడుతుంది. మీకింకా ఆ గడువు దాటలేదు, ఇంకొన్నేళ్ళు ఊరుకుంటే దాటుతుంది. ఇక 11వ రూలు. జబ్బు మొదలవడం త్వరపడినా, తర్వాత దాని నడక చెడినా, దానికి ఫీల్డ్, ఆపరేషన్లు, ఎత్తైన ప్రాంతాలు, విపరీతమైన వాతావరణం లాంటి సర్వీసు పరిస్థితులు కారణమైతే 'అగ్రవేటెడ్' అని ఒప్పుకోవాలి. సిక్కిం పోస్టింగ్‌ని దీని పక్కన పెట్టి చూడండి. 2023 సెప్టెంబర్ 21 నుంచి మళ్ళీ కొత్త రూల్స్ వచ్చాయి, అవి మీకు వర్తించవు. వాటిని చూపించి ఎవరైనా భయపెడితే టెన్షన్ పడకండి.

మీకు వ్యతిరేకంగా చూపించే తీర్పు కూడా ముందే తెలుసుకోవాలి. 2019 అక్టోబర్‌లో వచ్చిన నర్సింగ్ యాదవ్ కేసు. అదీ స్కిజోఫ్రీనియానే. సుప్రీంకోర్టు పెన్షన్ ఇవ్వలేదు. మానసిక జబ్బులో మధ్య మధ్య మామూలుగా ఉండే రోజులుంటాయి, చేరేటప్పుడు కనిపించలేదని దాన్ని సర్వీసుకి అంటగట్టలేం అంది. అంతకుముందు 2007లో, 2009లో కూడా ఇదే జబ్బు కేసుల్లో మెడికల్ బోర్డు మాటకే సుప్రీంకోర్టు విలువిచ్చింది. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్లో (సైనికుల సర్వీసు, పెన్షన్ కేసులు వినే చోటు) ఓడిపోయిన స్కిజోఫ్రీనియా కేసులు చాలావాటిలో నర్సింగ్ యాదవ్ పేరు కనిపిస్తుంది. కానీ ఆ తీర్పులో వాస్తవాలు చదివారా? ఆ కుర్రాడు మూడున్నరేళ్ళ సర్వీసులోనే బయటికి వచ్చాడు, పీస్ స్టేషన్లో వెహికల్ మెకానిక్ పని. పని వల్ల గానీ ఉన్న చోటు వల్ల గానీ ఇంత ఒత్తిడి వచ్చే వీలు లేదని కోర్టు స్పష్టంగా రాసింది. మీ తమ్ముడు ఉగ్రవాద ఏరియాలో రెండేళ్ళకు పైగా ఉన్నాడు, జబ్బు బయటపడ్డాక ఎత్తైన ప్రాంతంలో ఉన్నాడు. ఈ తీర్పుని మీరే ముందు ఎత్తి, మన కేసు ఎందుకు వేరో అప్లికేషన్లోనే రాయించండి. అవతలివాళ్ళు ఎత్తేదాకా ఆగితే మనం దాచిపెట్టినట్టు కనిపిస్తుంది.

మీ పక్కన నిలబడే తీర్పులు రెండు చెప్తాను. ఒకటి వీర్‌పాల్ సింగ్ కేసు, ఇదీ 2013లోనిదే, మానసిక జబ్బుదే. ధరమ్‌వీర్‌కి వచ్చిన పేరు దీనికి రాలేదు గానీ, మానసిక జబ్బు కేసులకి నా దృష్టిలో ఇదే ముఖ్యం. సైకియాట్రిస్టు రాసిన నోటుని కోర్టు తెరిచి చదివింది, వైద్య గ్రంథాల్లో ఆ జబ్బుకి రాసిన లక్షణాలతో పోల్చింది, కొత్తగా రివ్యూ బోర్డు పెట్టమంది. నిపుణుల అభిప్రాయాన్ని గౌరవించాలి గానీ పూజ చేయనక్కర్లేదు అన్న మాట ఆ తీర్పులోదే. రెండోది 2025 మేలో వచ్చిన రాజుమోన్ కేసు, ఇదీ స్కిజోఫ్రీనియానే. బోర్డు కారణాలు రాయకుండా సంబంధం లేదని తేల్చేస్తే ఆ అభిప్రాయాన్ని ఆధారం చేసుకుని పెన్షన్ ఆపలేరని సుప్రీంకోర్టు అంది. అదే ఏడాది మార్చిలో ఢిల్లీ హైకోర్టు డయాబెటిస్ కేసొకటి తేలుస్తూ, పీస్ స్టేషన్లో మొదలైందని రాసినంత మాత్రాన కారణం రాసినట్టు కాదని చెప్పింది. ఈ చివరిది 2008 రూల్స్ కింద వచ్చిన తీర్పు, కాబట్టి మీ లాయర్ దీన్ని తప్పక చదవాలి.

మీ తమ్ముడి బోర్డు కాగితంలో కారణం కింద ఏముందో మీరే రాశారు: 'పీస్ ఏరియాలో మొదలైంది, ఫీల్డ్ లేదా ఎత్తైన ప్రాంతపు ఒత్తిడితో దగ్గరి సంబంధం లేదు, 54వ పేరా చూడండి.' ఇది అచ్చు వేసిన వాక్యం. వందల కాగితాల్లో ఇదే మాట, అక్షరం మారకుండా చూశాను. ఆ 54వ పేరా ఏమిటో చాలామందికి తెలీదు. మిలిటరీ డాక్టర్ల కోసం 'గైడ్ టు మెడికల్ ఆఫీసర్స్' అని ఒక పుస్తకం ఉంది. 2002 నాటిది, 2008లో సవరించారు. అందులో మానసిక జబ్బుల గురించిన పేరా అది. మానసిక జబ్బులు పుట్టుకతో వచ్చే కారణాలూ బయటి పరిస్థితులూ కలిసి వస్తాయని మొదట్లోనే ఒప్పుకుంటుంది. తర్వాత ఎప్పుడెప్పుడు సర్వీసు వల్ల వచ్చినట్టు ఒప్పుకోవాలో చెప్తుంది. యుద్ధ ప్రాంతంలో, తిరుగుబాటుదార్లని ఎదుర్కొనే ఆపరేషన్లలో, ఎత్తైన ప్రాంతాల్లో, ఒంటరి పోస్టుల్లో పనిచేస్తుంటే. తుఫాను, భూకంపం లాంటి విపత్తుల్లో శవాల మధ్య పనిచేయాల్సి వస్తే. కాలు చెయ్యి పోయినంత గాయమైన ఏడాదిలోపు జబ్బు వస్తే.

అదే పేరాలో 'ముదిరింది' అని ఎప్పుడు ఒప్పుకోవాలో కూడా ఉంది. సర్వీసు అవసరాల పేరుతో సెలవు ఇవ్వకపోయిన మూడు నెలల్లో జబ్బు వస్తే, ఆ సెలవు భార్యో పిల్లలో చనిపోయినందుకో, ఒక్కగానొక్క కొడుకై ఉండి తల్లో తండ్రో పోయినందుకో, ఒక్కడే అన్నదమ్ముడై ఉండి చెల్లెలి పెళ్ళికో, ఊళ్ళో తుఫాను వచ్చి ఇంటివాళ్ళు ప్రమాదంలో ఉన్నందుకో అయితే. శ్రీకాకుళం వాళ్ళకి ఈ చివరిది చిన్న విషయం కాదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ మీ జిల్లాని ఎలా కొట్టాయో నేను మీకు చెప్పక్కర్లేదు. అప్పుడు సెలవు అడిగి దొరక్కపోయిన జవాన్లు ఎంతమందో. మీ కేసులో అలాంటిది జరిగిందో లేదో మీరు రాయలేదు. మూడు నెలల లెక్క కుదిరితేనే అది పనికొస్తుంది, లేని సెలవు గొడవ మాత్రం కల్పించకండి. సెలవు రికార్డు అవతలివాళ్ళ చేతిలో ఉంటుంది.

ఆ పేరా చివర్లో ఉన్న మాట మీ కోసమే రాసినట్టుంది. మానసిక జబ్బని తేల్చి, ఫలానా చోట పెట్టకూడదని ఆంక్షలతో కేటగిరీ ఇచ్చాక కూడా, జవాను ఆపరేషన్ల ప్రాంతంలోనో ఎత్తైన ప్రాంతంలోనో ఒత్తిడి మధ్య పనిచేసి జబ్బు ముదిరితే 'అగ్రవేటెడ్' అని ఒప్పుకోవాలి. 2016లో ఇచ్చిన కేటగిరీ కాగితంలో ఎత్తైన ప్రాంతాలకి పంపొద్దని ఉందా? ఆయుధాలతో డ్యూటీ వద్దని ఉందా? ఉంటే, 2017లో సిక్కిం మూవ్‌మెంట్ ఆర్డర్, అక్కడి హాస్పిటల్లో చేరిన తేదీ ఈ మూడూ పక్కపక్కన పెడితే బోర్డు రాసిన 'పీస్ ఏరియా' వాక్యం కూలిపోతుంది. రెండోసారి తిరగబెట్టింది పీస్‌లో కాదు. బోర్డు ఆ సంగతి ఎత్తనేలేదు.

'వచ్చింది' అన్న వాదన కూడా వదలక్కర్లేదు. కాశ్మీర్ నుంచి వచ్చిన ఏడెనిమిది నెలలకి హాస్పిటల్లో పడ్డాడు. ఈ జబ్బు ఒక్క రోజులో వచ్చేది కాదు. మాటలు వినపడటం, అనుమానాలు మొదలవడానికి నెలల ముందే, ఒక్కోసారి ఏళ్ళ ముందే నిద్ర తగ్గడం, మనుషులకి దూరంగా ఉండటం కనిపిస్తుందని మానసిక వైద్యులే చెప్తారు. 2015లో సంక్రాంతి సెలవుకి వచ్చినప్పుడు గదిలోంచి బయటికి రాలేదని, రాత్రంతా మేలుకునే ఉన్నాడని మీరు రాశారు. అప్పుడతను ఆర్‌ఆర్ యూనిట్లోనే ఉన్నాడు కదా. అది మీ అమ్మగారితో అఫిడవిట్‌గా రాయించండి. అతనితో ఆర్‌ఆర్‌లో ఉన్న తెలుగు జవాన్లు ఎవరైనా రిటైరై ఊళ్ళలో ఉంటే వాళ్ళ చేతా రాయించండి. చూసింది మాత్రమే రాయాలి, డాక్టరు మాటలు రాయకూడదు.

ఇవన్నీ నిలబడాలంటే కాగితాలు చేతిలో ఉండాలి. రికార్డ్ ఆఫీసుకి ఆర్‌టీఐ కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి అడగండి. చేరినప్పటి మెడికల్ పరీక్ష, పోస్టింగుల వివరాలున్న సర్వీస్ రికార్డు, కేటగిరీ మార్చిన ప్రతి బోర్డు కాగితం (ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15), బయటికి పంపిన బోర్డు మొత్తం ప్రొసీడింగ్స్ (ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16), ప్రతి అడ్మిషన్ కేస్ షీట్, సైకియాట్రిస్టు అభిప్రాయం. వీటితో పాటు ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10 అని పేరు పెట్టి అడగండి. మానసిక జబ్బు అనుమానంతో జవానుని హాస్పిటల్‌కి పంపేటప్పుడు కమాండింగ్ ఆఫీసర్ ఇచ్చే రిపోర్టు అది. ముందు ఎలా పనిచేసేవాడు, ఎప్పటి నుంచి మారాడు, తాగుడు ఉందా, ఇంట్లో గొడవలున్నాయా అన్నవి అందులో ఉంటాయి. 'మంచి సిపాయి, కొన్ని నెలల నుంచి మారిపోయాడు' అని సీఓ రాసి ఉంటే మీకు అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. అడక్కపోతే ఆ కాగితం ఎవరూ ఇవ్వరు.

కేస్ షీట్ వచ్చాక కుటుంబ చరిత్ర కాలమ్ ముందు చదవండి. డాక్టరు ఫోన్ చేసి ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని అడిగితే, మనవాళ్ళు సాయం చేస్తున్నామనుకుని 'మా మేనమామకి కూడా కొన్నాళ్ళు మతి సరిగా లేదండీ' అంటారు. లేకపోతే 'చిన్నప్పటి నుంచీ వీడు ముభావి' అంటారు. ఆ ఒక్క మాట కాగితంలో 'ఫ్యామిలీ హిస్టరీ పాజిటివ్' అవుతుంది, అక్కణ్ణుంచి 'కాన్‌స్టిట్యూషనల్' అంటే పుట్టుకతో వచ్చిన తత్వం అని బోర్డు తేల్చేస్తుంది. అలా ఉంటే దాచలేరు. వైద్యం మీద ఆధారం లేని మాటైతే ఆ మేనమామకి చికిత్స రికార్డేదీ లేదని అఫిడవిట్ ఇవ్వండి. నిజమే అయితే, పుట్టుకతో వచ్చిన బలహీనత ఉన్నా సర్వీసు దాన్ని ముదిర్చిందని వాదించండి. 11వ రూలు అడ్డు చెప్పదు.

ఇంకో సంగతి, మీకు వర్తించకపోయినా ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుంది. మానసిక జబ్బు మొదలైన జవాను చాలాసార్లు ముందు హాస్పిటల్‌కి వెళ్ళడు, సెలవు దాటి రాడు, పై ఆఫీసరుతో గొడవపడతాడు, శిక్షలు పడతాయి. నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు (రికార్డులో ఎర్ర సిరాతో రాసే శిక్షలు) అయ్యాయని మెడికల్ బోర్డు లేకుండానే డిశ్చార్జ్ చేసేస్తారు. నాలుగు ఎంట్రీలు ఉన్నంత మాత్రాన డిశ్చార్జ్ తప్పనిసరి కాదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటివాళ్ళ కేసు దారి వేరు, ముందు ఆ డిశ్చార్జ్‌నే సవాలు చేయాలి.

మీ రెండో ప్రశ్న, ఆలస్యం. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చట్టం 2007లో వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం ముందు డిపార్టుమెంటు అప్పీళ్ళు వేసి ఉండాలి, అప్పీలుకి ఆరు నెలల్లో జవాబు రాకపోతే ఆ మెట్టు దాటినట్టే. 22వ సెక్షన్ ప్రకారం అక్కణ్ణుంచి ఇంకో ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌కి రావాలి. ఆ గడువు మీకు ఎప్పుడో దాటింది. కానీ పెన్షన్ నెలనెలా రావాల్సింది కాబట్టి, ఇవ్వకపోవడం నెలనెలా కొనసాగే అన్యాయమని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆలస్యాన్ని మన్నించమని వేరే అప్లికేషన్ పెట్టాలి, జబ్బు మనిషి, చూసుకునేవాళ్ళు చదువుకోనివాళ్ళు అన్నది న్యాయమైన కారణమే. నష్టం ఎక్కడంటే ఎరియర్స్‌లో. గెలిచినా మామూలుగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్ళకే బకాయి ఇస్తారు. 2018 నుంచి మొత్తం వస్తుందని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి. ప్రతి నెల ఆలస్యానికీ ఒక నెల పెన్షన్ పోతోంది.

ఆంధ్రప్రదేశ్ చెన్నై రీజనల్ బెంచ్ కిందికి వస్తుంది. రిటైరైనవాళ్ళు తాము ఉంటున్న ఊరి పరిధి బెంచ్‌లోనే వేయొచ్చు, చివరి యూనిట్ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళక్కర్లేదు. 14వ సెక్షన్ కింద ఒరిజినల్ అప్లికేషన్ వేస్తారు, లాయర్లు ఓఏ అంటారు. అక్కడ ఓడితే హైకోర్టుకి వెళ్ళే దారి 2015లో ఒక తీర్పుతో మూసుకుపోయింది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని మళ్ళీ తెరిచింది. గెలిచినా కథ అక్కడితో అయిపోదు. ప్రభుత్వం ఇలాంటి ఉత్తర్వుల మీద హైకోర్టులకి గుంపగుత్తగా వెళ్తోంది. అది మీ కేసులో లోపం ఉందని కాదు, అందరికీ అలాగే చేస్తున్నారు.

డబ్బు లెక్క చెప్తాను. డిజెబిలిటీ ఎలిమెంట్ (పెన్షన్లో వైకల్యానికి ఇచ్చే భాగం) 100 శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం. జీతమంటే బేసిక్, మిలిటరీ సర్వీస్ పే కలిపి. ఆ రెండూ కలిపి 32,000 అనుకుంటే 100 శాతానికి 9,600, 40 శాతానికి 3,840. కానీ బోర్డు అవుట్ అయినవాళ్ళకి 50 కన్నా తక్కువ శాతాన్ని 50గా లెక్కేస్తారు, అప్పుడు 4,800. దాని మీద డియర్‌నెస్ రిలీఫ్, దీనికి తోడు సర్వీస్ ఎలిమెంట్ (చేసిన సర్వీసుకి ఇచ్చే భాగం). ఈ రౌండింగ్ గురించి 2014 డిసెంబర్‌లో రామ్ అవతార్ తీర్పు ఉంది, ఓఏలో పేరు పెట్టి అడగండి. అడగని ఉపశమనం కోర్టు తనంతట తాను ఇవ్వకపోవచ్చు.

ఒకవేళ సర్వీసుతో సంబంధం లేదనే తేలితే? పదేళ్ళ సర్వీసు ఉంటే ఇన్‌వ్యాలిడ్ పెన్షన్ (సర్వీసుతో సంబంధం లేని జబ్బుతో బోర్డు అవుట్ అయినవాళ్ళకి ఇచ్చేది) వచ్చేది. మీ తమ్ముడిది ఎనిమిదేళ్ళ పైచిలుకు, గ్రాట్యుటీతో సరిపెట్టారు. పదేళ్ళు నిండనివాళ్ళకీ ఇన్‌వ్యాలిడ్ పెన్షన్ ఇస్తామని 2020 జూలైలో రక్షణ శాఖ లెటర్ ఇచ్చింది. కానీ 2019 జనవరి 4 నాటికి సర్వీసులో ఉండాలని, బయట ఉద్యోగానికి కూడా పనికిరాని పరిస్థితి అయి ఉండాలని షరతులు పెట్టారు. మీ తమ్ముడు ఆ తేదీకి రెండు నెలల ముందు బయటికి వచ్చాడు. ఇదెక్కడి న్యాయమో నాకైతే అర్థం కాదు. ఆ షరతుల మీద ట్రిబ్యునల్లో కేసులు నడిచాయి, కాబట్టి అసలు కోరిక డిజెబిలిటీ పెన్షన్, అది కాకపోతే ఇన్‌వ్యాలిడ్ పెన్షన్ అని రెండూ ఒకే ఓఏలో అడిగించండి.

లాయర్ విషయం. వచ్చే ఎరియర్స్‌లో ఇంత శాతం అని ఎవరైనా మాట్లాడితే లేచి వచ్చేయండి, బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. ఫీజు రూపాయల్లో మాట్లాడుకోండి. సివిల్ కేసులు చూసే ఊరి లాయర్ కన్నా ట్రిబ్యునల్లో పెన్షన్ కేసులు చేసే మనిషి మేలు. డబ్బు ఇబ్బందైతే శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి అడగండి. సైనిక కుటుంబాలకి న్యాయ సహాయం అందించడానికి నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) 2025 జూలైలో వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది.

చివరగా మందులు. పెన్షన్ లేదు కాబట్టి ఇప్పుడు ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు రాదు, డిజెబిలిటీ పెన్షన్ మంజూరైతే దానికి అర్హత వస్తుంది. అప్పటిదాకా మందులు ఆపొద్దు. మీకు దగ్గర విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది, ఏదైనా తోచకపోతే 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. ప్రతి ఓపీ చీటీ, ప్రతి ప్రిస్క్రిప్షన్ తేదీ ప్రకారం ఫైల్లో పెట్టండి. ట్రిబ్యునల్ రివ్యూ బోర్డు పెట్టమంటే 2018 నుంచి ఇప్పటిదాకా జబ్బు ఉందనడానికి చూపించాల్సినవి అవే. ఆర్‌టీఐ జవాబుకి 30 రోజుల గడువుంది. 2016 కేటగిరీ కాగితం చేతికి రాగానే అందులో ఏ ఆంక్షలు రాశారో మాట మార్చకుండా ఇక్కడ రాయండి, ఓఏలో సిక్కిం పేరా ఎలా పెట్టాలో అది చూశాక చెప్తాను.